ఓదార్పు వద్దన్న మేడం

పోయిన నెల ఒక పొద్దున ధారూర్ స్టేషన్లో వికారాబాద్ వైపు పోయే బండి కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. అవతల అయ్యగారు, అంటే మా మేడం భర్త. తాండూరులో చాలాకాలం పాస్టరుగా ఉండి రిటైరైన మనిషి. "మీ మేడం ప్రభువునందు నిద్రించిందమ్మా" అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేశారు. నా బండి వచ్చింది, ఎక్కలేదు. తాండూరు బండి కోసం అవతలి ప్లాట్‌ఫాం మీదికి పోయాను. బెంచీ మీద కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, లేస్తే నిలబడబుద్ధి కాలేదు. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ ఆ "నిద్రించింది" అన్న మాట మీద. మేడం బతికుండగా ఆ మాట ఎవరి నోట విన్నా, "నిద్రయితే లేపుండ్రి మరి, చాయ్ పెడుత" అనేవారు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. ఒక పత్రిక జిల్లా పేజీకి వార్తలు రాస్తాను. చావు వార్తలు ఎక్కువగా నా వాటాకే వస్తాయి. తీరని లోటు, చెరగని ముద్ర, శోకసంద్రం లాంటి మాటలు మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, పేరొక్కటి మార్చుకుంటే పని అయిపోతుంది. మేడం గురించి అలా నాలుగు లైన్లు రాయమని మా ఆఫీసు నుంచి ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. రాయలేదు. ఇప్పటికీ చేయి ఊరుకోవడం లేదు, అలాగని సాగడమూ లేదు. మీరు ఆమెను చూసి ఉండరు కాబట్టి, మొదట్నుంచీ చెప్తాను.

మేడం వికారాబాద్‌లో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. ఉండేది తాండూరు. రోజూ రైల్లో వచ్చి పోయేవారు. మాది కోట్‌పల్లి దగ్గర పల్లె. అదే కాలేజీలో చేరిన నేను ధారూర్లో అదే బండి ఎక్కేదాన్ని. మేడం కిటికీ పక్క సీటు మీద సంచీ పెట్టి ఆపుకునేవారు కానీ, ఆ సీట్లో ఆమె కుదురుగా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. రెండు నిమిషాలు కూర్చుని లేచేవారు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడేవారు. మళ్ళీ వచ్చి నా పుస్తకం లాక్కుని తిరగేసేవారు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. "మేడం, కూర్చోండి" అంటే, "కూసుంటె ఇసుగు పట్టుకుంటది పిల్లా, గది వట్టుకుంటె ఇడువది" అనేవారు. ఆమెకు దేవుడి భయం ఉండేదో లేదో నాకు ఈరోజుకీ తెలియదు గానీ, విసుగు అంటే మాత్రం నిజంగానే భయం.

ఆ భయం ఆమెకు ఒక కవి దగ్గర్నుంచి వచ్చింది. ఫ్రెంచి కవి, పాతకాలం వాడు, ముసలితనం చూడకుండానే పోయాడు. ఊరి మురికినీ, మనిషి లోపలి మురికినీ రాసినవాడు. ఈనాటి కవిత్వానికి దారి వేసినవాళ్ళలో ఆయన ఒకడంటారు. పేరు చెప్పను. చెబితే ఇది ఆయన గురించిన వ్యాసం అనుకుంటారు మీరు. మేడం కూడా ఎప్పుడూ పేరుతో పిలవలేదు. "మా ఫ్రెంచాయన" అనేవారు, మేనమామను తలుచుకున్నంత చనువుగా.

కాలేజీ పత్రిక కోసం నేను అనంతగిరి గుట్ట మీద ఒక పేజీ రాశాను. పచ్చచీర కట్టుకున్న గుట్ట, మంచు ముసుగు, అలాంటివన్నీ పెట్టాను. రైల్లో మేడం చేతికిచ్చి మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను.

"గుట్టకు చీర ఎవలు గట్టిన్రు? నువ్వు జూసినవా?"

"లేదు మేడం."

"మరేం జూసినవ్?"

ఆలోచించి చెప్పాను. కోతులు. కోతులు చింపిన చిప్స్ ప్యాకెట్లు. ఎవరో తాగి రాయికేసి కొట్టిన సీసాలు. పెళ్ళి కాని జంటలను బెదిరించి ఫోటోలు తీసే ఆకతాయిలు.

"గవి రాయి" అన్నారు. "కని ఒకటి యాదికుంచుకో. కంపు గురించి చెప్పే మాట కంపు గొట్టొద్దు. అందరి బట్టలకంటె దాని బట్టలె శుభ్రంగ ఉండాలె, ఇస్త్రీ జేసి ఉండాలె. మా ఫ్రెంచాయన జేసిన పని గదే. మురికి మోరీ దగ్గర నిలవడ్డడు, కని పెండ్లికి పోయినట్టు తయారై నిలవడ్డడు."

ఆ రోజు నుంచి నాకు రోజూ ఒక పని పెట్టారు. ధారూర్‌కీ వికారాబాద్‌కీ మధ్య కిటికీలోంచి మొహం తిప్పుకోబుద్ధయ్యేది ఒకటి చూడాలి, తిప్పుకోకుండా చూడాలి, బండి ఆగేలోపు ఒక్క వాక్యంలో చెప్పాలి. అందులో "పాపం" ఉండకూడదు, "ఛీ" కూడా ఉండకూడదు. మొదట్లో మధ్యలోనే కళ్ళు మూసుకునేదాన్ని. కొన్నాళ్ళకు వేరే సంగతి తెలిసింది. ఒకదాన్ని అంతసేపు చూస్తే, దాని మీద కోపమో అసహ్యమో నిలవదు. అది మనది అయిపోతుంది.

తాండూరు వాళ్ళింటికి మొదటిసారి పోయిన రోజు, వీధి చివర బండలు కోసే మిల్లు దగ్గర నన్ను నిలబెట్టారు. రంపం తిరుగుతోంది. దాని కిందనుంచి బూడిదరంగు నీళ్ళు కాలువలోకి పారుతున్నాయి. "ఈ సప్పుడుకు రంగేంది?" అన్నారు. బూడిద అన్నాను. "వాసన?" కళ్ళు మూసుకున్నాను. "పంటి డాక్టరు దగ్గర వచ్చే వాసన మేడం, పన్ను అరగదీసేటప్పుడు." మేడం రోడ్డు మీదే చప్పట్లు కొట్టారు. మిల్లులో పనిచేసేవాళ్ళు ఆగి చూశారు. "గిది! చెవుతోటి ఇన్నదానికి ముక్కు జవాబియ్యాలె. గా ఫ్రెంచాయనకు ఈ మిల్లు దొరికితెనా, ఇడిచిపెట్టకుంటుండె" అని మురిసిపోయారు.

వాళ్ళ ముందుగదిలో ఆ కవి ఫోటో ఉండేది. ఏదో పుస్తకంలోంచి కోసి ఫ్రేము కట్టించింది. నుదురు పెద్దది, పెదవులు బిగించి ఉంటాయి, చూసేవాడు ఏదో తప్పు చేసినట్టు గుచ్చి చూస్తుంటాడు. పాస్టరుగారి ఇల్లు కాబట్టి, వచ్చిపోయే సంఘం వాళ్ళంతా ఆయన మన దగ్గరికి సువార్త తెచ్చిన తెల్లదొర అనే అనుకున్నారు. లోపలికి వస్తూ ముందు ఆయనకు వందనాలు చెప్పేవారు. బంట్వారం నుంచి వచ్చే ఒక పెద్దమ్మ అయితే ఒకరోజు ఫోటో ముందు చాలాసేపు నిలబడింది.

"అమ్మగారూ, గీ దొర ఏ మిషనోడు? మొఖం గట్ల వెట్టిండేంది, ఉపాసం గిట్ల ఉన్నడా?"

"ఫ్రాన్సు దేశపాయన. ఉపాసం లేదు పెద్దమ్మా. మనసు మంచిగ లేదు ఆయనకు."

"అయ్యో. మరి ఆయన కోసం ఎవలన్న ప్రార్థన జేస్తున్నరా?"

"ఎవలు జెయ్యలే. నువ్వు జెయ్యి."

ఆ పెద్దమ్మ చేసింది. ప్రతి ప్రార్థన కూడికలో రోగులు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, పరీక్షలు రాసే పిల్లల తర్వాత "మనసు మంచిగ లేని మా ఫ్రాన్సు దొర"ను కూడా కలిపేది. అందరూ ఆమెన్ అనేవారు. నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. అసలు సంగతి చెప్పొచ్చు కదా మేడం అంటే, "ఎందుకు చెప్పాలె? ఆయనకు బతికినన్ని దినాలు తిట్లే దొరికినయి. ఓ ప్రార్థన దొరికితె దొరకనియ్యి" అన్నారు. అయ్యగారికి ఆ ఫోటో ఎవరిదో తెలుసు. ఆయనా ఎవరికీ చెప్పలేదు.

మా ప్రాంతపు క్రైస్తవుల్లో ఎవరైనా పోతే, కొన్ని రోజులకు ఆదరణ కూడిక పెడతారు. షామియానా వేస్తారు, పాటలు పాడతారు, పాస్టరు బైబిలు వాక్యం చెప్తాడు. ఆ తర్వాత పోయినవాళ్ళను ఎరిగినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్తారు. చివర్న భోజనాలు. మేడం చెప్పే సాక్ష్యమంటే అందరికీ భయమే, అయినా అందరూ ఆమెనే అడిగేవారు. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక సంఘపెద్ద పోయినప్పుడు నేనూ ఉన్నాను. ముందు మాట్లాడిన వాళ్ళంతా ఆయన్ను దేవదూతను చేసి పెట్టారు. మేడం లేచి, "ఆయన మా ఇంటికొస్తె ముందు నశ్యం వాసనొచ్చేది, ఎనుక తగాద వచ్చేది" అని మొదలుపెట్టారు. ముక్కుపొడి మరకలున్న ఆయన తువ్వాలు, పాట మధ్యలో అందరికంటే ముందుకు పరిగెత్తే ఆయన గొంతు, పెండ్లాం మీద అరిచి పక్క గదిలోకి పోయి తనే గుండె పట్టుకుని కూర్చోవడం, అన్నీ చెప్పారు. అప్పటిదాకా రాయిలా కూర్చున్న ఆయన భార్య ఒక్కసారి భోరున ఏడ్చింది. "గాయన్నే మా ఆయన. ఇంతసేపు ఎవర్ని జెప్పిన్రో నాకైతె తెల్వలె" అంది.

మేడం మంచి మనిషి అని రాస్తే నాకే నవ్వొస్తుంది. తెలివి తక్కువ పిల్లలను మాటలతో కోసేవారు. ఎవరైనా కూనిరాగం తీస్తే భరించేవారు కాదు, రైల్లో ముక్కూమొహం తెలియని వాళ్ళను కూడా ఆపించేవారు. జుట్టు మీద ఎంత మోజో చెప్పలేను. ఆదివారం ప్రార్థనలో ఆమె పక్కన కూర్చుంటే శనివారం వేసుకున్న రంగు వాసన కొట్టేది. నా మొదటి వార్త అచ్చయిన రోజు, ఆ పేపరు మీద ఎర్రపెన్నుతో గీతలు కొట్టి నాకే బహుమతిగా ఇచ్చారు. నేను ఆమెను చాలా ప్రేమించాను. ఆమె లేకపోతే నేను ఇప్పటికీ గుట్టలకు చీరలు కట్టిస్తూ ఉండేదాన్ని.

ఆ కవి ఆమెకు ఎలా దొరికాడో ఒక్కసారే చెప్పారు. వానాకాలం, వికారాబాద్ జంక్షన్లో బండి ఎంతకీ రావడం లేదు. ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ నడుస్తున్నారు, నేనూ పక్కన నడుస్తున్నాను. ఉన్నట్టుండి తనకు ఒక కొడుకుండేవాడన్నారు. బడికి పోవడం అప్పుడే మొదలుపెట్టాడట. జ్వరం వచ్చి పోయాడట.

"అందరొచ్చిన్రు. అందరు మంచోళ్ళే. దేవుడు తన తోటలకు పువ్వును తెంపుకున్నడు, ఏడువకు అన్నరు. వాక్యం అయ్యగారే జెప్పిన్రు. కొడుకు ఆయనకు గూడ కొడుకే గద, ఆయనన్న నిజం జెప్తడనుకున్న. ఆయన గూడ పువ్వే అన్నడు." నడక ఆపలేదు. "నేను జూసిన నా కొడుకును. పువ్వు లెక్క లేకుండె."

ఆ తర్వాత పరీక్ష పేపర్లు దిద్దడానికి హైదరాబాద్ పోయినప్పుడు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఆ కవి ఇంగ్లీషులో దొరికాడట. బస చేసిన గదిలో మొత్తం చదివారట. "ఒక్క పేజీల గూడ నన్ను ఊకో అనలేదు బిడ్డా. లోకంల నన్ను ఓదార్చనోడు ఒక్కడు దొరికిండు. గందుకే బతికిన" అన్నారు. బండి వచ్చింది. ఎక్కాం.

భార్యాభర్తలు పోట్లాడుకోగా నేను చూడలేదు. ఆయన పొద్దున్నే ఆమె డబ్బా కట్టి, స్కూటర్ మీద స్టేషన్లో దించేవారు. ఆమె ఆయన కళ్ళజోడు తుడిచి ఇచ్చేవారు. కానీ ఎవరి చావులోనైనా వాక్యం చెప్పడానికి అయ్యగారు లేస్తే, మేడం లేచి బయటికి పోయేవారు. ఆయన ముగించాకే లోపలికి వచ్చి సాక్ష్యం చెప్పేవారు. సంఘం మొత్తానికీ ఇది తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. అయ్యగారు కూడా ఆమె గేటు దాటేదాకా ఆగి, అప్పుడు గొంతు సవరించుకుని మొదలుపెట్టేవారు. ఆ కొడుకు ఊసు వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదని నాకు తర్వాత తెలిసింది.

కిందటేడు ఆమెకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. చూడ్డానికి పోతే మంచం మీద కూడా కుదురు లేదు, దిండ్లు మార్చుకుంటూనే ఉన్నారు. "నా దగ్గు ఇను పిల్లా, తడి గోనెసంచి గుంజినట్టు లేదూ?" అని గొప్పగా అడిగారు. ఉంది అన్నాను. నా చేయి పట్టుకున్నారు.

"నా కూడికల సాక్ష్యం నువ్వే జెప్పాలె. తియ్యగ జెప్పినవంటె లేసి కూసుంట. నా కొడుకును తీపిల ముంచిన్రు. నన్ను ముంచనియ్యకు."

అయ్యగారు వేడినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. విన్నారు. గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయారు.

సమాధుల తోటలో భూస్థాపన అయిన తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచారు. వాక్యం ఇప్పుడున్న చిన్న పాస్టరు చెప్తాడనీ, తను చెప్పననీ అన్నారు. "ఆమె జెప్పుమన్నట్టే నువ్వు జెప్పు బిడ్డా. ముందు వరుసల కూసుంట నేను. నా మొఖం దిక్కు జూడకుండ జెప్పు."

ఆ తర్వాతి రోజులు నాకు నిలకడ లేదు. రాయడం, చించడం. వండుతున్న కూర మాడబెట్టడం. జుట్టు రంగు గురించి చెప్పగలను, ఎర్రపెన్ను గురించి చెప్పగలను, అందరూ నవ్వుతారు. కానీ అవన్నీ కలిపినా మేడం కారు. ఆమెను ఆమెగా చేసింది ఆ ఒక్క మాట, కొడుకు సమాధి దగ్గర భర్త అన్న మాట. అది చెప్పకపోతే ఆమెను నేను కూడా తీపిలో ముంచినట్టే. చెబితే, ఒంటరిగా మిగిలిన ఒక ముసలాయన్ను వాళ్ళ సంఘం ముందు నిలబెట్టి కొట్టినట్టు. ఏది చేసినా ఒకరికి ద్రోహమే అనిపించింది.

కూడిక తాండూరులో చర్చి ఆవరణలోనే. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు నిండాయి. గేటు బయట బండల లారీలు పోతూ ఉన్నాయి. చిన్న పాస్టరుకు పాపం ఏమీ తెలియదు. "అమ్మగారు మన సంఘంలో పరిమళించిన పువ్వు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తల ఎత్తకుండా కూర్చున్నాను.

నన్ను పిలిచారు. మైకు పట్టుకున్నాను. రైలు గురించి, లవంగాల గురించి, జుట్టు రంగు గురించి చెప్పాను. నవ్వారు. పిల్లలను ఆమె ఎలా ఏడిపించేవారో చెప్పాను. వెనక వరుసల్లో పాత విద్యార్థులు తలలూపారు. అప్పుడు "మేడంకు ఒక కొడుకు ఉండేవాడు" అన్నాను. చూడొద్దన్న వైపే చూశాను.

అయ్యగారు లేచారు. మెల్లగా వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. నా మీద కోపం వచ్చిందేమో అనిపించి పక్కకు జరిగాను. ఆయన నా వైపు చూడలేదు.

"అమ్మగారు నిద్రపోలే" అన్నారు. "సచ్చిపోయింది. ఆఖరుకు ఊపిరి అందక కొట్లాడింది. నేను నోట్లె నీళ్ళు పోయబోతె నా చెయ్యి కొరికింది." చొక్కా చేయి పైకి లాగి చూపించారు. మణికట్టు దగ్గర నల్లగా కమిలి ఉంది. "ప్రేమతోటి కొరికిందని నేను జెప్ప. ఊపిరాడక కొరికింది."

ఎవరో ఆడమనిషి "అయ్యగారూ, ఊకోండ్రి" అంది. ఆయన వినిపించుకోలేదు.

"మా పిలగాడు పోయిన్నాడు గూడ నేను పక్కనే ఉన్న. కండ్లు తెల్లగైనయి. పండ్లు గిట్టకరిచిండు. పండుకున్న సాపంత పాడైంది. నేనే కడిగిన. కడిగి, బట్టలు దొడిగి, గా చేతులతోటే వాక్యం వట్టుకొని మీ అందరి ముందు నిలవడి పువ్వు అన్న." మైకు దగ్గరికి లాక్కున్నారు. "నాకు భయమైంది. పువ్వు అనకపోతె నిలవడలేకపోదును. ఆమె ఇన్నేండ్లు నా నోట్లకెల్లి ఒక్క మాట ఇందామని జూసింది. నా కొడుకు పువ్వు కాదు. జరంతోటి పెయ్యి కాలుతుంటె నాయనా నాయనా అని పిలిచిన పిలగాడు. పిలుసుకుంటనే పోయిండు."

ఇంకేదో చెప్పబోయి ఆగారు. ఎప్పుడూ ప్రార్థనతో ముగించే మనిషి, ప్రార్థన చేయలేదు. ఆమెన్ అనాలో వద్దో తెలియక జనం అలాగే కూర్చున్నారు. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు, అందుకు వాళ్ళకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అయ్యగారు వెనక్కి పోయి కుర్చీలో కూర్చున్నారు. మైకు తిరిగి ఇవ్వడం మరిచిపోయారు. అది ఆయన ఒళ్ళోనే ఉంది, ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆయన ఊపిరి, ముక్కు ఎగబీల్చుకోవడం, మింగుదామన్నా మింగుడుపడని ఏడుపు, అన్నీ స్తంభాలకు కట్టిన స్పీకర్లలోంచి గేటు దాటి రోడ్డు మీదికి పోతున్నాయి. బండల లారీ ఒకటి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి వింటున్నాడు. మైకు ఆపమని ఎవరూ అనలేదు.